ఇలాజా? తాలీమా? – బడిలో ప్రవర్తన విశ్లేషకుని స్థానం

“మొక్కై వంగనిది మానై వంగునా” అన్నది మన పెద్దల మాట. బాల్యంలోనే మంచి అలవాట్లు నేర్పాలని చెప్పడానికి తరతరాలుగా ఈ సామెతను వాడుతున్నాము. కాని ఇందులో మనం సాధారణంగా అడగని ప్రశ్నలు కొన్ని దాగి ఉన్నాయి. మొక్కను వంచే చేయి ఎవరిది? అది ఎటు వంగాలో నిర్ణయించే అధికారం ఎవరిది? ఆ వంపు మొక్క మేలు కొరకా, లేక దారిన పోయేవారికి కొమ్మ తగలకుండా ఉండడం కొరకా? తరగతిలో కుదురుగా కూర్చోలేని పిల్లవాడు, పిలిస్తే పలుకని పిల్ల, కోపం వస్తే తన తలను తానే గోడకు కొట్టుకొనే బాలుడు మన బడులలో ఉన్నారు. వీరిని గూర్చి ఆలోచించినప్పుడు ఈ ప్రశ్నలు కేవలం చమత్కారాలుగా మిగలవు. ఒక బిడ్డ బడిలో ఉండడమో, బడి నుండి వెళ్లిపోవడమో వీటి సమాధానాన్ని బట్టి తేలుతుంది.

ఈ సంచిక పాఠకులలో ఉర్దూ చదివినవారూ, తెలుగు చదివినవారూ ఉన్నారు. ఈ రెండు భాషలూ మన విషయానికి చక్కని వెలుగునిస్తున్నాయి. ఉర్దూలో “తాలీమ్” అంటే విద్య, “తర్బియత్” అంటే పెంపకం, సంస్కారం. ఈ రెంటినీ కలిపి “తాలీమ్-ఓ-తర్బియత్” అంటారు. “ఇలాజ్” అంటే చికిత్స. ఉస్తాద్ చేసేది మొదటిది, హకీమ్ చేసేది రెండవది. పెద్దలు ఈ రెంటినీ ఏనాడూ కలగాపులగం చేయలేదు. ఇక తెలుగులో “శిక్ష” అన్న మాటను చూడండి. సంస్కృతంలో దానికి విద్య అని అర్థం. హిందీలో నేటికీ అదే అర్థం. తెలుగు వాడుకలో మాత్రం అది దండన అయింది. నేర్పడం, దండించడం అన్న రెండు పనులూ ఒకే మాటలో ఎట్లా ఇమిడిపోయాయో మన బెత్తాల చరిత్రే చెప్పగలదు. బిడ్డ ప్రవర్తనను మార్చడానికి పూనుకొన్నవారు ముందుగా తేల్చుకోవలసినది తాము చేస్తున్నది ఇలాజా, తాలీమా, లేక తెలుగు అర్థంలోని శిక్షా అన్నదే.

ప్రవర్తన విశ్లేషకుడు అనే నిపుణుడు మన ప్రాంతానికి కొత్త. ఆయన శాస్త్రానికి పునాది వేసినవారు అమెరికా మనస్తత్వవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ (1904–1990). ఈ శాస్త్రపు మూలసూత్రం సరళమైనదే. ఏ పని చేసిన తరువాత మనకు అనుకూలమైన ఫలితం లభిస్తుందో, ఆ పని మళ్లీ చేస్తాము. దీనినే మన మనస్తత్వ శాస్త్ర గ్రంథాలు పునర్బలనం అంటున్నాయి. కనుక ఒక ప్రవర్తనను అర్థం చేసుకోవాలంటే దానికి ముందు ఏమి జరిగింది, తరువాత ఏమి జరిగింది అని చూడాలి. లెక్కల గంటలో పలక విసిరికొట్టే బాలుని తీసుకొనండి. పలక విసరగానే ఉపాధ్యాయుడు అతనిని బయటికి పంపుతాడు. ఉపాధ్యాయుని దృష్టిలో అది దండన. బాలుని దృష్టిలో అది లెక్కల నుండి విముక్తి. రేపు లెక్కలు వచ్చినప్పుడు పలక మళ్లీ ఎగురుతుంది. బాలుడు మొండివాడు కాదు. తనకు ఎదురైన పరిస్థితిలో పనిచేసిన ఉపాయాన్ని నేర్చుకొన్నాడు. పిల్లల చేష్టలకు సాధారణంగా నాలుగు కారణాలు చెబుతారు: ఇతరుల దృష్టిని ఆకర్షించడం, ఇష్టం లేని పని తప్పించుకోవడం, కావలసిన వస్తువును పొందడం, ఆ చేష్టలోనే శరీరానికి ఏదో హాయి కలగడం. కారణం తెలియకుండా చేసే చికిత్స గాని, బోధన గాని గాలిలో రాయి విసరడం వంటిదే.

ఈ శాస్త్రం ఆసుపత్రికి చెందినదా, బడికి చెందినదా అన్న వాదం వచ్చినప్పుడు దాని పుట్టుకను పరిశీలించడం మంచిది. 1959 లో టియోడోరో ఐలాన్, జాక్ మైకేల్ అనే ఇద్దరు కెనడాలోని ఒక మానసిక చికిత్సాలయంలో జరిపిన కృషిని ప్రచురించారు. అక్కడి రోగుల చేష్టలలో కొన్ని నర్సులు చూపే శ్రద్ధ వలననే కొనసాగుతున్నాయని వారు కనుగొన్నారు. మాటిమాటికీ నర్సుల గదిలోనికి వచ్చే రోగిని పట్టించుకోవడం మానగానే ఆ రాకపోకలు తగ్గాయి. 1968 లో ఈ శాస్త్రానికి ప్రత్యేకంగా ఒక పరిశోధన పత్రిక వెలువడింది. ఆ పత్రిక తొలి సంచికలోని తొలి వ్యాసం ఆసుపత్రిని గూర్చినది కాదు, బడిని గూర్చినది. కాన్సాస్ నగరంలో పేదలు నివసించే ప్రాంతపు పాఠశాలలలో అల్లరి చేసే పిల్లలు చదువుతున్నప్పుడు ఉపాధ్యాయులు శ్రద్ధ చూపారు, చదువనప్పుడు చూపలేదు. చదువు పెరిగింది. ఆ పద్ధతిని తలక్రిందులు చేయగా చదువు తగ్గింది. మళ్లీ మొదటి పద్ధతికి రాగా మళ్లీ పెరిగింది. స్కిన్నర్ సైతం 1953 లో తన కుమార్తె చదివే తరగతిలో గణిత బోధనను చూసి, ప్రతి బాలునికి తన సమాధానం సరియైనదో కాదో వెంటనే తెలియాలని తలచి బోధన యంత్రాల నిర్మాణానికి పూనుకొన్నారు.

అనగా ఈ శాస్త్రానికి ఇద్దరు తల్లులు: ఒకరు వైద్యశాల, ఒకరు పాఠశాల. అయితే రెండుచోట్లా ఒక సామ్యం ఉన్నది. వైద్యశాలలో మార్పు తెచ్చినవారు రోజంతా రోగుల వద్ద ఉండే నర్సులు. పాఠశాలలో మార్పు తెచ్చినవారు రోజంతా పిల్లల వద్ద ఉండే ఉపాధ్యాయులు. నిపుణుడు దారి చూపాడు; నడిచినవారు వారు. ఈ సంగతిని మరచిన చోటనే ప్రవర్తన విశ్లేషకుడు చికిత్సకుడా, విద్యావేత్తా అన్న తగవు పుట్టింది.

ఆ తగవుకు ఒక చరిత్ర ఉన్నది. 1987 లో ఐవార్ లోవాస్ ఆటిజం గల చిన్నపిల్లలకు వారానికి సుమారు 40 గంటలు ఒక్కొక్కరికే శిక్షణ ఇచ్చిన ఫలితాలను ప్రకటించారు. 19 మందిలో 9 మంది సాధారణ తరగతిలో ఉత్తీర్ణులైనట్లు అందులో పేర్కొన్నారు. ఆ సంఖ్య లోకంలోని తల్లిదండ్రులకు గొప్ప ఆశ కలిగించింది. ప్రవర్తన విశ్లేషణ అంటే గంటల లెక్కన ఇచ్చే మందు అన్న అభిప్రాయం కూడా క్రమంగా స్థిరపడింది. కాని అదే పరిశోధకుని 1960 ల నాటి ప్రయోగాలలో చెంపదెబ్బలు, విద్యుదాఘాతాలు కూడా ఉండేవన్న చేదు నిజాన్ని దాచకూడదు. ఆటిజంతోనే పెరిగి పెద్దవారైన వారు ఎందరో ఈ పద్ధతిని విమర్శిస్తున్నారు. తమను మామూలు మనుషులవలె కనిపింపజేయడమే లక్ష్యంగా పెట్టుకొన్నారనీ, తమకేమి కావాలో అడగలేదనీ వారు అంటున్నారు. ఎవరికీ హాని చేయకుండా చేతులు ఆడించుకొనే బిడ్డ చేతులను బలవంతంగా ఒడిలో పెట్టించడం వలన ఆ బిడ్డకు ఒక్క అక్షరమైనా అదనంగా రాదు. ఈ విమర్శను మేము గౌరవిస్తున్నాము.

అమెరికాలో ఈ తగవుకు ధనం కూడా తోడయింది. బీమా సంస్థ చెల్లిస్తే ఆ నిపుణుని పని చికిత్స అవుతున్నది. బడి చెల్లిస్తే అదే పని విద్య అవుతున్నది. 1997 లో అక్కడి వికలాంగుల విద్యాచట్టాన్ని సవరించినప్పుడు, క్రమశిక్షణ చర్యల వలన బిడ్డ బడికి దూరమయ్యే కొన్ని సందర్భాలలో ఆ చేష్టకు కారణమేమో ముందుగా పరిశీలించాలని నిర్దేశించారు. పొమ్మనడానికి ముందు ఎందుకని అడుగు అన్నదే ఆ నిబంధన సారాంశం. ఆ ఒక్క వాక్యం ప్రతి ప్రధానోపాధ్యాయుని గదిలో వ్రాసి పెట్టుకోదగినది.

ఇక మన నేలకు వద్దాము. ఈ శాస్త్రం తెలుగు గడ్డకు నిన్న మొన్న వచ్చినది కాదు. 1984 లో సికింద్రాబాదులోని మనోవికాసనగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. నేడు అది మేధోపరమైన వైకల్యం గల వ్యక్తుల సాధికారతా సంస్థగా పేరు మార్చుకొన్నది. 1992 లో ఆ సంస్థ నుండి రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ ప్రత్యేక ఉపాధ్యాయుల కొరకు ప్రవర్తనా విధానంపై ఒక కరదీపికను వెలువరించారు. దానితోపాటు భారతీయ బాలల కొరకు ఒక ప్రవర్తనా మాపనిని కూడా రూపొందించారు. ఆ మాపనిలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగంలో బిడ్డ చేయగలిగిన పనులు: 7 రంగాలలో 280 అంశాలు. రెండవ భాగంలో ఇబ్బంది కలిగించే చేష్టలు: 10 రంగాలలో 75 అంశాలు. ఈ సంఖ్యలను మా పాఠకులు కాస్త ఆగి చూడాలని కోరుతున్నాము. నేర్పదగినవి 280, మాన్పదగినవి 75. అంతేకాదు, ఒక పనిని బిడ్డ తనంతట తాను చేస్తాడా, సైగ చేస్తే చేస్తాడా, మాటతో చెబితే చేస్తాడా, చేయి పట్టి చేయిస్తే చేస్తాడా, పూర్తిగా ఇతరులపై ఆధారపడతాడా అన్న మెట్లు అందులో ఉన్నాయి. బిడ్డకు ఏమి రాదో చెప్పి ఊరుకోక, ఎంత ఆసరా ఇస్తే వస్తుందో చెప్పే కొలమానం ఇది. దీనిని ఉపాధ్యాయుని చేతిలో పెట్టారు. మన దేశంలో ఈ శాస్త్రానికి దొరికిన గౌరవప్రదమైన స్థానం తరగతి గది అని చెప్పడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం అక్కరలేదు.

అయితే చట్టాలు మరొక దారి పట్టాయి. 1992 లో వచ్చిన భారత పునరావాస మండలి చట్టం ప్రత్యేక ఉపాధ్యాయులను, చికిత్సా మనస్తత్వవేత్తలను, వాక్ చికిత్సకులను, మరికొందరు నిపుణులను పేరుపేరున పేర్కొన్నది. ప్రవర్తన విశ్లేషకుని పేరు ఆ జాబితాలో లేదు. 2021 లో అనుబంధ ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చినప్పుడు, దాని అనుబంధ పట్టికలో ప్రవర్తన విశ్లేషకుడు అన్న పేరు కనిపించింది. అంటే మన దేశంలో చట్టం ఆయనను మొదటిసారి గుర్తుపట్టినప్పుడు ఆరోగ్యరంగపు వాకిట నిలబెట్టింది. మరొకవైపు, 1998 లో అమెరికాలో ఏర్పడి పలు దేశాలవారికి ధ్రువపత్రాలిచ్చిన మండలి 2023 నుండి కొత్త ధ్రువీకరణలను కొద్ది దేశాలకే పరిమితం చేసుకొన్నది. ఆ కొద్ది దేశాలలో భారతదేశం లేదు. ఇటువంటి సంధికాలంలో “ప్రవర్తన నిపుణులము” అని పలకలు వ్రాయించుకొనేవారు పెరగడం సహజం. నగరాలలో ఇప్పటికే చికిత్సా కేంద్రాలు వీధివీధినా వెలుస్తున్నాయి. ఎవరు అర్హులో తేల్చే పని కమిషన్లది. ఆ నిపుణుడు బడిలో అడుగుపెడితే ఏమి చేయాలో తేల్చే పని మాత్రం విద్యాసంస్థలది. ఆ పనిని వాయిదా వేయకూడదని మా అభిప్రాయం.

చికిత్సాపక్షం వారి వాదాన్ని న్యాయంగా విందాము. బిడ్డ తల కొట్టుకొనడానికి చెవిపోటు కారణం కావచ్చు. ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం పరధ్యానం కాక మూర్ఛ కావచ్చు. పిలిస్తే పలుకకపోవడం పొగరు కాక వినికిడి లోపం కావచ్చు. మధ్యాహ్నం చిరాకు నిద్రలేమి వలననో, ఆకలి వలననో కావచ్చు. ఇటువంటివాటిని బహుమతులతో, పొగడ్తలతో సరిదిద్దబోయే ఉపాధ్యాయుడు తెలియకుండానే బిడ్డకు అపకారం చేస్తాడు. తనను తాను గాయపరచుకొనే బిడ్డ విషయంలో అరకొర జ్ఞానం ప్రమాదకరం. ఈ వాదంలో మాకు ఏ అభ్యంతరమూ లేదు. శరీరం చెప్పే మాటను వైద్యుడే ముందు వినాలి.

కాని ఇందుకు రెండవ పార్శ్వం ఉన్నది. బడిలో ఒక గదికి “చికిత్స” అని పేరు పెట్టిన మరుక్షణం ఉపాధ్యాయుల మనసులలో ఒక మార్పు వస్తుంది. ఆ బిడ్డ ఇక తమ విద్యార్థి కాదు, నిపుణుని రోగి. “తీసుకొనిపోయి బాగుచేసి తెండి, అప్పుడు చదువు చెబుతాము” అన్న ధోరణి మొదలవుతుంది. బాగుపడడం ఎప్పుడో, చదువు ఎప్పుడో! చికిత్సాగదిలో ఒక్కరి ఎదుట ఒక్కరు కూర్చొని నేర్చుకొన్నది నలభైమంది ఉన్న తరగతిలో దానంతటదే పనికిరాదు. నేర్చిన చోటు వేరు, వాడవలసిన చోటు వేరు అయినప్పుడు నేర్పు దారిలోనే జారిపోతుంది. పైగా చికిత్సకుడు ఒక లోపాన్ని వెదకి తగ్గించజూస్తాడు. ఉపాధ్యాయుడు ఒక శక్తిని వెదకి పెంచజూస్తాడు. ఇద్దరూ అవసరమే. అయితే ఏ ఇంటికి ఎవరు యజమాని అన్నది తెలియాలి. ఆసుపత్రిలో ఉపాధ్యాయుడు అతిథి. బడిలో చికిత్సకుడు అతిథి. అతిథిని గౌరవించాలి, కాని ఇల్లు అప్పగించకూడదు.

1985 లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు చేసిన పరిశోధన ఈ భేదాన్ని చక్కగా చూపుతున్నది. అల్లరి చేసే పిల్లలలో కొందరు పని కష్టమైనప్పుడు, కొందరు పెద్దల శ్రద్ధ తగ్గినప్పుడు అల్లరికి దిగుతున్నారని వారు గమనించారు. అల్లరిని దండించలేదు, దాని బదులు చెప్పదగిన మాటను నేర్పారు. పని కష్టమైనవారికి అర్థం కాలేదని చెప్పడం, శ్రద్ధ కావలసినవారికి తన పని ఎట్లా ఉన్నదని అడగడం నేర్పారు. బిడ్డ కారణానికి తగిన మాట వచ్చినప్పుడు అల్లరి తగ్గింది. దీనిని చికిత్స అనాలా, భాషాబోధన అనాలా? మేము నిస్సంకోచంగా భాషాబోధన అంటాము. “మాస్టారూ, నాకు అర్థం కాలేదు” అని భయం లేకుండా చెప్పగలగడం ఏ బిడ్డకైనా విద్యలో మొదటి మెట్టు. ఆ మాట వినడానికి సిద్ధంగా ఉండడం ఉపాధ్యాయునికి మొదటి మెట్టు.

ఇప్పుడు ఈ చర్చను పట్టిసీమ రేవుకు తెద్దాము. గోదావరి కుడిగట్టున పోలవరం మండలంలో ఉన్న ఈ ఊరు నదీగర్భంలోని కొండపై వెలసిన వీరభద్రుని వలన, 2015 లో వచ్చిన ఎత్తిపోతల పథకం వలన అందరికీ తెలుసు. ఈ పరిసరాలలో ప్రవర్తన విశ్లేషకుడు అన్న పలక ఎక్కడ కనిపిస్తుంది? నగరంలో చికిత్సా, విద్యా అన్న వాదం ఇద్దరు నిపుణుల నడుమ జరుగుతుంది. ఇక్కడ ఆ రెండు పనులూ తరచుగా ఒకే ఉపాధ్యాయుని భుజాలపై పడతాయి. అయినా మనకు ఏమీ లేదనుకోవడం పొరపాటు. సమగ్ర శిక్ష క్రింద మండలాలలో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు సమ్మిళిత విద్యా ఉపాధ్యాయులు పాఠాలు చెబుతారు, నిర్ణీత దినాలలో ఫిజియోథెరపీ వంటి సేవలు అందుతాయి. 2013 లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్య బృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపే ఏర్పాటు ఉన్నది. భవిత బడి వైపు ఉన్న చేయి, స్వాస్థ్య బృందం వైద్యం వైపు ఉన్న చేయి. ఈ రెండు చేతులూ కలిసేది తరగతి ఉపాధ్యాయుని బల్ల దగ్గరనే.

పట్టిసీమ ఎత్తిపోతలనే ఉపమానంగా తీసుకొందాము. 24 పంపులు గోదావరి నీటిని పైకెత్తి పోలవరం కుడికాలువలో పోస్తే అది కృష్ణ వైపు సాగింది. పంపు నీటిని ఎత్తగలదు గాని పొలం దున్నలేదు. నారు పోసేదీ, గట్టు వేసేదీ, కలుపు తీసేదీ రైతే. బడికి వచ్చే నిపుణుడు అటువంటి పంపు వంటివాడు. శాస్త్రజ్ఞానాన్ని అది దొరకని చోటికి ఎత్తి పోయడం ఆయన పని. ఆ జ్ఞానం పంటగా మారేది ఉపాధ్యాయుని చేతిలో. పంపులే పొలాన్ని ఆక్రమిస్తే పంట ఎక్కడ పండుతుంది?

ఈ ప్రాంతంలో మరొక జాగ్రత్త అవసరం. పోలవరం ప్రాజెక్టు ముంపు గ్రామాల నుండి ఎన్నో కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలివెళ్లాయి. వారిలో కోయ, కొండరెడ్డి కుటుంబాలు అనేకం. ఊరు, కొండ, తోటి పిల్లలు దూరమైన బిడ్డ కొత్త బడిలో నెలల తరబడి మాటలాడకపోతే అది వ్యాధి లక్షణమా, దుఃఖ లక్షణమా? ఇంట కోయ భాష వినే బిడ్డ తెలుగు పాఠానికి బదులు చెప్పకపోతే అది మేధోలోపమా? అట్లే ఇంట ఉర్దూ మాట్లాడే పాప తెలుగు మాధ్యమంలో చేరి మౌనంగా ఉంటే, ఆమెకు తెలియని భాషలో పరీక్షించి మాటలు రావని నిర్ణయించడం న్యాయమా? అమ్మీజాన్‌తో గలగలా మాట్లాడే పాపను మూగదని వ్రాసుకొన్న కాగితం ఆమె వెంట పదేళ్లు నడుస్తుంది. చికిత్సాదృష్టి ఒక్కటే ఉంటే ఇటువంటి తప్పులకు ఆస్కారం ఎక్కువ. బిడ్డ ఇంటి భాషలో ఒక మాట అడిగి చూడడం విద్యాదృష్టి. అల్పసంఖ్యాక విద్యాసంస్థగా మనకు ఇక్కడ ప్రత్యేక బాధ్యత ఉన్నది. ఎందుకంటే ఆ మాట అడగగలిగిన విద్యార్థులు మన తరగతులలోనే ఉన్నారు.

బాధ్యతను గూర్చి మాట్లాడుతున్నాము గనుక చట్టపు సంగతి కూడా సూటిగా చెప్పుకొందాము. 2009 నాటి విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాక పాఠశాలలకు వర్తించదని 2014 లో ప్రమతి కేసులో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పును విస్తృత ధర్మాసనం మళ్లీ పరిశీలించాలని 2025 లో మరొక ధర్మాసనం అభిప్రాయపడింది. ఆ వ్యాజ్యం ఎట్లా తేలినా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మన ముందు ఉన్నది. ఆటిజం, మేధోపరమైన వైకల్యం, అభ్యసన వైకల్యాలతో సహా 21 వైకల్యాలను అది పేర్కొన్నది. ప్రభుత్వం నిధులిచ్చే, గుర్తించే విద్యాసంస్థలన్నిటిలో వివక్ష లేని ప్రవేశం, సమ్మిళిత విద్య లభించేట్లు చూడాలని అందులోని 16 వ నిబంధన చెబుతున్నది. అల్పసంఖ్యాక సంస్థలను ఆ నిబంధన మినహాయించలేదు. రాజ్యాంగం 30 వ అధికరణం మనకిచ్చిన స్వేచ్ఛ మన బిడ్డలకు మనకు తోచిన మేలైన విద్యనిచ్చుకోవడానికి. వారిలో కొందరిని గడప వెలుపల నిలిపివేయడానికి కాదు.

ఈ గోదావరి సీమకు ఇందులో సంప్రదాయం లేకపోలేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు (1867–1946) చిన్ననాటి నుండి రేచీకటితో బాధపడ్డారు. రాత్రివేళ తోటివారు పాఠం చదువుతుండగా విని గ్రహించేవారు. ఆనాడు ఆయన కంటికి పూర్తి చికిత్స దొరకలేదు. కాని చదువు ఆగలేదు. చూపు బాగుపడిన తరువాతనే రమ్మని బడి అని ఉంటే ఆంధ్ర సాహిత్యం ఒక మహారచయితను కోల్పోయి ఉండేది. చికిత్స పూర్తి కావడం విద్యకు ముందస్తు షరతు కారాదు అన్న సూత్రానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మనకు అక్కరలేదు.

కావున కళాశాల పాలకవర్గం ఎదుట, రేపు ఉపాధ్యాయులు కాబోయే విద్యార్థుల ఎదుట మేము కొన్ని సూచనలు ఉంచుతున్నాము. మొదటిది, బడికి ప్రవర్తన విశ్లేషకుడు వస్తే ఆయనను ఉపాధ్యాయుల సహచరునిగా ఆహ్వానించాలి. ఆయన పని ప్రధానంగా తరగతి గదిలోనే, ఉపాధ్యాయుని ప్రక్కన జరగాలి. రెండవది, ఏ బిడ్డకైనా ఒక పేరు అంటగట్టడానికి ముందు కనీసం రెండు వారాలు ఆ చేష్టకు ముందు ఏమి జరిగింది, తరువాత ఏమి జరిగింది అని ఒక నోటుపుస్తకంలో వ్రాయాలి. దీనికి ఖర్చు ఒక పెన్సిలు మాత్రమే. మూడవది, ప్రవర్తనలో ఆకస్మికమైన మార్పు, స్వీయగాయం, మూర్ఛ అనుమానం, చూపు, వినికిడి సందేహం ఉన్నప్పుడు రెండు వారాలు కాదు, రెండు రోజులు కూడా ఆగకుండా వైద్యుని వద్దకు పంపాలి. అది చికిత్సారంగం, అక్కడ ఉపాధ్యాయుడు సాహసించరాదు.

నాలుగవది, ఒక చేష్టను మాన్పదలచినప్పుడెల్లా దాని స్థానంలో ఏమి నేర్పబోతున్నామో వ్రాయాలి. నేర్పడం లేని మాన్పడాన్ని అనుమతించకూడదు. నొప్పి, ఆకలి, అవమానం, గదిలో బంధించడం ఏ పేరుతోనూ పనికిరావు. నిపుణుడు చెప్పినా పనికిరావు. ఐదవది, తల్లిదండ్రుల అంగీకారం వారికి తెలిసిన భాషలో, ఉర్దూ అయితే ఉర్దూలో, తీసుకోవాలి. అర్థం కాని కాగితంపై వేలిముద్ర అంగీకారం కాదు. ఆరవది, వైద్యుని నివేదిక వైద్యునికీ, తల్లిదండ్రులకూ, అవసరమైన ఉపాధ్యాయునికీ చెందినది. హాజరుపట్టీలో పేరు ప్రక్కన రోగం పేరు వ్రాయరాదు. ఏడవది, భవిత కేంద్రంలో పనిచేసే ఉపాధ్యాయులను మన కళాశాలకు పిలిచి, ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లదలచిన విద్యార్థులతో ఏడాదికి ఒకటి రెండు దినాలైనా గడిపే ఏర్పాటు చేయాలి. ఉర్దూ తెలిసిన మన విద్యార్థులు ఆ కేంద్రాలలో తల్లులకు, ఉపాధ్యాయులకు నడుమ మాట అందించగలరు.

ఇంత పని సాధ్యమా అని కొందరు అడగవచ్చు. ఒక ఉపాధ్యాయునికి రెండు మూడు తరగతులు అప్పగించే బడులలో నోటుపుస్తకం వ్రాసే తీరిక ఎక్కడిదని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఉపాధ్యాయుల సంఖ్య పెంచమనీ, ప్రత్యేక ఉపాధ్యాయులను నియమించమనీ అడగడం మన హక్కు. కాని పలక విసిరిన బాలుని ప్రతిదినం బయటికి పంపడానికి కూడా సమయం పడుతున్నదే! ఆ సమయంలో సగం ఎందుకు విసిరాడో తెలుసుకోవడానికి వెచ్చిస్తే, మిగిలిన సగం లెక్కలు చెప్పడానికి మిగులుతుంది.

సోదర సోదరీ విద్యార్థులారా! మీలో కొందరు వైద్యరంగంలోనికి, మరెందరో ఉపాధ్యాయ వృత్తిలోనికి వెళతారు. హకీమ్ అయినవారు బిడ్డ చదువు ఆగకుండా చికిత్స చేయండి. ఉస్తాద్ అయినవారు చికిత్స ముగిసేదాకా చూడకుండా చదువు చెప్పండి. ఇలాజ్‌కు ఒక వేళ ఉన్నది, ఒక చోటు ఉన్నది. తాలీమ్‌కు ప్రతి వేళా వేళే. బడి గడపలో అడుగుపెట్టిన బిడ్డ మొదట విద్యార్థి. తక్కినవన్నీ ఆ తరువాతనే.